తాతల నాటి చిట్టాలు, ఆవర్జాలు మనవల దాకా చేరాలంటే ఏం చేయాలి?

చిత్తూరులో మా బెల్లం మండీ మూసేసి చాలా ఏళ్లయింది. లెక్కల పుస్తకాలు, అంటే ఏ రోజు లెక్క ఆ రోజు రాసే చిట్టాలు, ఖాతాలవారీగా రాసే ఆవర్జాలు మాత్రం అటక మీద ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. ఎర్రగుడ్డ అట్టలు, వాటి మీద పసుపు కుంకుమ మరకలు, మొదటి పేజీలో ‘శ్రీ’. మీ ఇంట్లోనూ ఇలాంటి మూట ఉంటే ఇది మీకోసమే.

అన్నిటికంటే ముందు, ఆ రాత చదవగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఎవరున్నారో చూడండి. పెట్టె, బీరువా తర్వాత. పాత చిట్టాలు చాలావరకు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కలం ఎత్తకుండా అక్షరాలను కలుపుకుంటూ పోయే ఆ రాత మా తరానికి రాదు. మా చిన్నత్తను కూర్చోబెట్టి, పేజీలు తిప్పుతూ ఆమె చదివింది చదివినట్టు ఫోన్‌లో రికార్డు చేశాను. ఒకచోట 20 అని ఉంటే మణుగులు అనుకున్నాను. “కాదు నాయనా, పక్కన ‘బం’ అని గిలికాడు చూడు మీ తాత. ఇరవై బండ్లు” అంది. నేనైతే దాన్ని సిరా మరక అనుకుని వదిలేసేవాణ్ని.

తర్వాత కాలం తేల్చాలి. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి, విశ్వావసు అని మాత్రమే రాసి ఉంటే అది 1905 కావచ్చు, 1965 కావచ్చు. లెక్క అణాల్లో ఉంటే పాతదే అనుకోవచ్చు, ఎందుకంటే నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. శిస్తు రసీదులో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1325 అంటే 1915 జులై నుంచి 1916 జూన్ వరకు. చిత్తూరు కాగితం మీద ‘ఉత్తర ఆర్కాడు జిల్లా’ అని ఉందా? చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్‌లో కాబట్టి, అది అంతకు ముందుదయ్యే అవకాశమే ఎక్కువ.

దుమ్ము దులపడానికి మెత్తటి బ్రష్ చాలు. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని పట్టుకోండి. తుప్పు పట్టిన గుండుసూదిని లాగొద్దు. కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి నెమ్మదిగా లేపండి. సెల్లో టేప్, లామినేషన్ జోలికి అసలు పోవద్దు. మా నాన్న మంచి మనసుతోనే ఒక తాకట్టు పత్రానికి లామినేషన్ చేయించారు. ఇప్పుడు ప్లాస్టిక్ పసుపెక్కి, అంచులో లేపితే సిరాతో సహా ఊడొస్తోంది. ఆ కాగితం చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అటక మీద వేడి, నేల మీద చెమ్మ. అందుకే ఇంటి లోపలి గదిలో, గోడకు ఆనించకుండా పెట్టిన స్టీలు బీరువా మేలు. ఎర్రగుడ్డ తడిస్తే రంగు దిగుతుంది. గంజి లేకుండా ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు వద్దు. ఎండిన వస కొమ్ము చిన్న మూటకట్టి కాగితాలకు తగలకుండా ఓ మూల పెట్టొచ్చు. కానీ చెదలు పట్టకుండా ఉండాలంటే అప్పుడప్పుడూ తెరిచి చూడటమే దారి.

2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారింది. అలా తడిస్తే టెన్షన్ పడి ఎండలో పరచకండి. రెండు రోజుల్లోపే బూజు మొదలవుతుంది కాబట్టి వెంటనే నీడలో, ఫ్యాన్ గాలికి, పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి ఆరబెట్టండి. న్యూస్‌పేపర్ అయితే దాని సిరా అంటుకుంటుంది. ఒకేసారి ఆరబెట్టలేనన్ని ఉంటే కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, కొన్ని కొన్నిగా తీసుకోవచ్చు.

ఫొటోలు కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. అట్టలు, ఖాళీ పేజీలతో సహా. ఫైలుకు ‘1928 చిట్టా 014’ లాంటి పేరు పెట్టి, మూడు చోట్ల దాచండి. అందులో ఒకటి వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉండాలి. ప్రోనోట్ల ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. అప్పు తీసుకున్నవాళ్ల మనవలు ఇదే ఊళ్లో ఉన్నారు. తాళపత్రాలు బయటపడితే మీరే విప్పకుండా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సలహా అడగండి.

ఇక భాగాలు. ఇల్లూ పొలం పంచుకున్నట్టు పుస్తకాలను పంచుకోవద్దు. ఒకరి దగ్గరే ఉంచి, జాబితా అందరికీ ఇవ్వండి. మేము ఏటా సరస్వతీ పూజ నాడు పెట్టె తెరిచి జాబితాతో సరిచూస్తాం. కుంకుమ పాత అట్టల మీద పెట్టం. ఎదురుగా ఒక కొత్త నోటుబుక్కు ఉంచి దానికి పెడతాం. అత్త చదివి చెప్పింది రాసేదీ అందులోనే. ఇంకా నాలుగు ఆవర్జాలు మిగిలాయి, ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఈసారి చదివే పని మా అమ్మాయిది, తప్పులు దిద్దే పని అత్తది.