ఫ్యాషన్ పత్రిక పేరును అచ్చు దాటి నిలబెట్టడం ఎలా?

విశాఖపట్నం నుంచి ఫ్యాషన్ పత్రిక నడుపుతున్నవారు ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: పాఠకురాలు మన పత్రికను ఏ నిర్ణయం తీసుకునే ముందు తెరుస్తోంది? పెళ్లి చీర ఎంచుకునే ముందా, జాకెట్టు కుట్టడానికి ఇచ్చే ముందా, కొత్త ఉద్యోగంలో చేరబోతూ నాలుగు జతల బట్టలు కొనుక్కునే ముందా? ఇది తేలకుండా ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, యూట్యూబ్ ఛానెల్, ర్యాంప్ షో అన్నీ ఒకేసారి మొదలుపెడితే డబ్బూ శ్రమా చెదిరిపోవడమే తప్ప పత్రికకు పేరు రాదు.

పత్రిక పేరును అచ్చు దాటించే ఈ పని డిజిటల్ యుగంతో మొదలైనది కాదు. 1892లో న్యూయార్క్‌లో వారపత్రికగా పుట్టిన వోగ్, 1899 నుంచే దుస్తుల కుట్టు నమూనాలను పాఠకులకు అందించింది. అమెరికాలోనే ఎబోనీ పత్రిక తరఫున యూనిస్ జాన్సన్ 1958లో ప్రారంభించిన ఫ్యాషన్ ప్రదర్శన ఏటా ఊరూరా తిరిగేది. టికెట్ ధరలోనే పత్రిక చందా కలిసి ఉండేది, వచ్చిన సొమ్ములో కొంత స్థానిక సేవా సంస్థలకు చేరేది. మన దేశంలో 1959లో వెలువడిన ఫెమినా, 1964లో మిస్ ఇండియా పోటీని చేపట్టింది. పేజీలో చూసినదానిలో పాఠకులు తామే పాలుపంచుకునే వీలు కల్పించడం వల్లనే ఈ పత్రికల పేర్లు అచ్చును దాటి నిలిచాయి.

మన నగరంలో ఇందుకు తొలి మెట్టు పాఠకుల ప్రశ్నలను శ్రద్ధగా పోగుచేయడం. ప్రతి సంచికలో ఒక వాట్సాప్ నంబరు అచ్చువేసి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబివ్వండి. తరచుగా వచ్చేవాటిని విడిగా రాసిపెట్టుకోండి. ఉదాహరణకు, సముద్రపు తేమగాలి వల్ల జరీ నల్లబడకుండా పట్టుచీరలను ఎలా దాచుకోవాలన్నది విశాఖ ఇళ్లలో ఎవరికైనా ఎదురయ్యే సమస్యే. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టాలని, అప్పుడప్పుడు తీసి మడతలు మార్చాలని, జరీ మీద సెంటు చల్లకూడదని పత్రికలో వివరంగా రాయవచ్చు. అదే విషయాన్ని చీరల పాలిషింగ్ చేసే వ్యక్తి చేతే చెప్పించి నిమిషం నిడివి వీడియోగా తీయవచ్చు. ఆ తరువాత ద్వారకానగర్‌లోనో ఎంవీపీ కాలనీలోనో ఒక ఆదివారం పాఠకులు తమ చీరలను వెంట తెచ్చుకుని నేర్చుకునే శిక్షణగా కూడా నిర్వహించవచ్చు. పేజీలో ఉన్నదాన్నే ఫొటో తీసి ఫోన్లకు పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్కో వేదిక మీద పాఠకురాలికి అక్కడ మాత్రమే దొరికేది ఏదో ఒకటి ఉండాలి.

కార్యక్రమాల విషయంలో నా అభిప్రాయం స్పష్టం: పెద్ద హోటల్లో ఖరీదైన ర్యాంప్ షో కంటే, యాభై మంది కూర్చుని గుడ్డను చేత్తో తడిమి చూసే చిన్న సమావేశమే పత్రికకు ఎక్కువ మేలు చేస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, సన్నని నూలు వడికే స్త్రీల నైపుణ్యం మనకు ఇంత దగ్గరలో ఉంది. వారిని సగౌరవంగా ఆహ్వానించి, ప్రయాణ ఖర్చులతో పాటు ఆ రోజు కూలికి తగ్గని పారితోషికం ఇచ్చి, పాఠకుల ఎదుట వడికించి చూపితే, ఆ ఖాదీ ధర ఎందుకు ఎక్కువో ఎవరూ వేరుగా చెప్పనక్కర్లేదు. పోగు పోగుకూ ఎంత శ్రమ పడుతుందో కళ్లారా చూసినవారు మరుసటి సంచికలో ఆ నేతపై వచ్చే వ్యాసాన్ని వదలకుండా చదువుతారు. అదే సమావేశంలో చందాలు కట్టించుకోవచ్చు, స్థానిక దర్జీలనూ బోటిక్ యజమానులనూ పాఠకులకు పరిచయం చేయవచ్చు.

ఇంత కష్టపడి సంపాదించిన నమ్మకం చెడేది సాధారణంగా ప్రకటనల దగ్గరే. దుకాణం డబ్బిచ్చి చేయించిన వీడియోను సంపాదకుల ఎంపికగా చూపకండి. అది ప్రకటన అని మొదట్లోనే, అందరికీ కనబడేలా తెలుగులో రాయండి. సామాజిక మాధ్యమాల్లో ప్రభావశీలుల (ఇన్‌ఫ్లుయెన్సర్ల) ప్రకటనలకు ఇటువంటి గుర్తు ఉండాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పాఠకుల ఫోన్ నంబర్లను వారి అనుమతి లేకుండా ఏ దుకాణానికీ ఇవ్వకూడదు.

ఫలితాన్ని లైకులతో కొలవవద్దు. ప్రశ్న పంపినవారు మళ్లీ రాశారా, శిక్షణకు వచ్చినవారు చందా కట్టారా, గడువు తీరినవారు కొనసాగించారా అన్న మూడు లెక్కలు ప్రతి నెలా ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. పత్రిక పేరుతో చీరలో నగలో అమ్మకానికి పెట్టే ఆలోచన ఉంటే, ఈ లెక్కలు కనీసం ఒక ఏడాది నిలకడగా పెరిగిన తరువాతే దాన్ని చేపట్టాలి. అప్పుడు కూడా సరుకు నాణ్యతను పరీక్షించి తిరస్కరించే హక్కు సంపాదకులకే ఉండేలా ఒప్పందం రాసుకోవాలి.