ఓటరు చదువు – నాలుగో పాఠం: శిలాఫలకాన్ని చదవడం

గత పాఠంలో అభ్యర్థి అఫిడవిట్‌ను ఎలా చదవాలో చూశాం. ఆస్తులు, అప్పులు, కేసులు, ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు 26వ నంబరు ఫారంలో ఎక్కడెక్కడ ఉంటాయో తెలుసుకున్నాం. ఆ కాగితం మనిషి గురించి చెబుతుంది, పనితనం గురించి చెప్పదు. మచ్చలేని అఫిడవిట్ ఉన్న మనిషికి ఒక ఫైలును ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు కదిలించడం చేతకాకపోవచ్చు. అందుకే ఈ పాఠంలో పనితనం సంగతి.

దీనికి కావలసిన పాఠ్యపుస్తకం మీ ఊళ్లోనే ఉంది. బస్టాండు పక్కనో, చెరువు కట్ట మీదో, వాగు ఒడ్డునో పాతిన నల్లరాతి పలక. పైన పథకం పేరు, మధ్యలో ‘గౌరవనీయులు’ అనే మాట ఏడెనిమిది సార్లు, అడుగున తేదీ. దేవరకొండ నుంచి నారాయణపేట దాకా ఏ మండలంలో చూసినా ఇటువంటివి కనీసం పది ఉంటాయి. కొన్నింటి వెనుక పని కనిపిస్తుంది. కొన్నింటి వెనుక తుమ్మచెట్లు మాత్రమే కనిపిస్తాయి. ఒక పెన్ను, ఒక నోటుపుస్తకం తీసుకుని ఏదైనా ఒక రాయి దగ్గరకు వెళ్లండి.

ముందు తేదీ చూడండి. అది శంకుస్థాపన తేదీయా, ప్రారంభోత్సవం తేదీయా? రెండూ వేరు వేరు రాళ్లు. మొదటిది మాట ఇచ్చిన రోజు, రెండోది మాట చెల్లించామని చెప్పుకున్న రోజు. ఆ తేదీని ఎన్నికల షెడ్యూలు పక్కన పెట్టి చూడండి. తెలంగాణ శాసనసభకు కిందటిసారి షెడ్యూలు 2023 అక్టోబరు 9న వచ్చింది, పోలింగ్ నవంబరు 30న జరిగింది. షెడ్యూలు ప్రకటించినప్పటి నుంచే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుంది, ఆపై మంత్రులు కొత్త పనులకు శంకుస్థాపనలు చేయకూడదు. కాబట్టి ఆ సెప్టెంబరులోనో, అక్టోబరు మొదటి వారంలోనో పాతిన రాయి కనిపిస్తే పక్కన ఒక చుక్క పెట్టుకోండి. చుక్క మాత్రమే. రెండేళ్ల ముందే అనుమతి వచ్చి, మంత్రి తీరిక దొరక్క ఆ వారంలో రాయి వేసి ఉండవచ్చు కూడా. తేదీని బట్టి అనుమానించవచ్చు గానీ తీర్పు చెప్పలేం.

తర్వాత పేర్లు. ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర లేదు. పేర్ల వరుసను ప్రోటోకాల్ నిర్ణయిస్తుంది. ఆ రోజు ఎవరు ఏ పదవిలో ఉన్నారో అది చెబుతుంది, పని ఎవరు తెచ్చారో చెప్పదు. పెద్ద పేరుకు దడిసే అలవాటు మన ప్రాంతానికి ఎటూ తక్కువే. 1989లో ముఖ్యమంత్రి హోదాలో పోటీచేసిన ఎన్టీ రామారావును కల్వకుర్తి ఓటర్లు ఓడించి చిత్తరంజన్ దాస్‌ను గెలిపించారు.

అసలు చదవాల్సింది అంచనా విలువ, నిధుల పద్దు, అంటే డబ్బు ఏ పథకం కింద వచ్చిందో ఆ వివరం. చాలా రాళ్ల మీద ఈ రెండోది చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. పద్దు తెలిస్తే నాయకుడిని ఏమి అడగాలో తెలుస్తుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డునే తీసుకోండి. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రోడ్డు పూర్తయ్యాక ఐదేళ్లపాటు దాని నిర్వహణ కూడా ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరుదే. ఆ రోడ్డు మూడో ఏట గుంతలు పడితే, ‘నిధులు లేవమ్మా, ఏం చేయమంటారు’ అని ఎమ్మెల్యే అన్నారనుకోండి. ఆయనకు ఒప్పందం సంగతి తెలియకపోవచ్చు, తెలిసీ కాంట్రాక్టరును కాపాడుతూ ఉండవచ్చు. మొదటిది అసమర్థత, రెండోది అంతకన్నా పెద్ద జబ్బు. ఏదైనా సరే, కొత్తగా రూపాయి అడగకుండానే మరమ్మతు చేయించే దారి ఒకటుంది. దాన్ని వాడారా లేదా అన్నది మీరు కళ్లారా చూడగలిగిన పరీక్ష.

ఎంపీ నిధుల సంగతి ఇంకో రకం. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులను సిఫారసు చేసే అధికారం ఉంటుంది. ఆయన సిఫారసు మాత్రమే చేస్తారు. మంజూరు చేసేది, చేయించేది జిల్లా యంత్రాంగం. కాబట్టి కమ్యూనిటీ హాలు సగంలో ఆగితే ఒక్క ఎంపీనే తిట్టడం న్యాయం కాదు. కానీ ఆగిందని కలెక్టరుకు ఎన్ని లేఖలు రాశారని అడగడం న్యాయమే.

ఇక రాయి వెనుక ఉండే కాగితాలు. ప్రభుత్వ పని ఏదైనా కొన్ని మెట్లు ఎక్కాలి. సర్వే జరిగి అంచనా తయారవుతుంది. పరిపాలనా అనుమతి ఉత్తర్వు వస్తుంది. ఇంజినీర్లు సాంకేతిక అనుమతి ఇస్తారు. టెండరు, ఒప్పందం, అవసరమైతే భూసేకరణ. పని మొదలయ్యాక కొలతల పుస్తకంలో నమోదు, దాని మీద బిల్లు, బిల్లు మీద చెల్లింపు. మనలో చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, శిలాఫలకాన్ని ఈ మెట్లలో ఎక్కడైనా పాతవచ్చు. పరిపాలనా అనుమతి కూడా రాకుండా రాయి వేసిన సందర్భాలూ ఉంటాయి. అటువంటి రాయి దగ్గర కొబ్బరికాయ మాత్రమే నిజం.

ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘పని ఎందుకు ఆలస్యమైంది?’ అని మాత్రం రాయకండి. ఎందుకు అన్నదానికి అధికారి దగ్గర కాగితం ఉండదు, తప్పించుకోవడానికి అదే సాకు అవుతుంది. కాగితాల నకళ్లు అడగండి. ఉదాహరణకు వాగు మీద వంతెన పని అనుకుంటే ఇలా రాయవచ్చు:

“మా గ్రామంలో ఫలానా తేదీన శంకుస్థాపన జరిగిన వంతెన పనికి సంబంధించి పరిపాలనా అనుమతి ఉత్తర్వు, సాంకేతిక అనుమతి, కాంట్రాక్టరుతో కుదుర్చుకున్న ఒప్పందం, కొలతల పుస్తకంలో ఇప్పటివరకు నమోదైన పేజీలు, చెల్లించిన, చెల్లించవలసిన బిల్లుల పట్టిక – వీటి నకళ్లు ఇప్పించగలరు.”

ఇంతే. ఒక్క విశేషణం కూడా అక్కరలేదు. దీన్ని పని చేయిస్తున్న శాఖ ప్రజా సమాచార అధికారి పేరిట పంపాలి. రోడ్డుకైతే అది రోడ్లు భవనాల శాఖదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిదా అన్నది ముందే తెలుసుకోండి. శాఖ తప్పు పడితే కాగితం ఆఫీసుల మధ్య తిరుగుతూ కూర్చుంటుంది.

కాగితాలు చేతికి వచ్చాకే నాయకుడిని కలవండి. తెలియక అడిగే ప్రశ్నకు ఎవరైనా ఏదైనా చెబుతారు. తెలిసి అడిగితే ఆయన ఎంత తెలుసుకున్నారో బయటపడుతుంది. ఊరికి ఎమ్మెల్యే వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి లేచి, “సార్, వంతెనకు రాయి వేసి మూడేళ్లయింది. పని ఎక్కడ ఆగింది?” అని అడిగారనుకోండి.

“వచ్చే నెలలో మొదలుపెడుతున్నాం పెద్దాయనా” అన్నది అందరికీ పరిచయమైన జవాబు. దానికి విలువ లేదు. పీఏ వైపు తిరిగి “ఇది రాసుకో” అనడం దానికి తమ్ముడు. “గత ప్రభుత్వం ఖజానా ఖాళీ చేసి పోయింది” అన్నది ఇంకొకటి. ఇది అబద్ధమని కొట్టిపారేయకండి, నిజం కావచ్చు. దీనికి మరో ప్రశ్న వేయాలి: “మరి మీరు వచ్చాక ఈ పని మీద ఏ ఉత్తర్వు తెచ్చారు సార్?” అక్కడ మాట తడబడితే గుర్తు పెట్టుకోండి.

ఇంకో రకం జవాబు ఉంటుంది. “టెండరు రెండుసార్లు పిలిచారు, పాత రేట్లకు ఎవరూ ముందుకు రాలేదు. సవరించిన అంచనా ఆర్థిక శాఖ దగ్గర ఉంది. వాళ్లు ఇంకో వివరం అడిగారు, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారు పంపాలి.” వినడానికి చప్పగా ఉంటుంది. చప్పట్లు పడవు. కానీ ఇలా చెప్పగలిగిన మనిషి ఆ ఫైలు వెంట నడిచాడు. పని పూర్తి కాకపోయినా ఈ మనిషికి మార్కులు వేయాలి. పని పూర్తయినా, అది ఎలా పూర్తయిందో తెలియని మనిషికి వేయకూడదు. నా మటుకు నేను పెళ్లికి వచ్చాడా, చావుకు వచ్చాడా అన్న కొలతను చిన్నబుచ్చను. మనిషికి మనిషి కావాలి. అయితే అది పదవి చేయవలసిన పని కాదు. ఆ మంచితనానికి ఓటు అక్కరలేదు, దండం చాలు.

పెద్ద ప్రాజెక్టుల దగ్గర ఈ పద్ధతిని కాస్త మార్చుకోవాలి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగాన్ని చూడండి. జలాశయం నుంచి నల్గొండ జిల్లాకు పంపులు లేకుండా నీళ్లు తేవడానికి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. ఆ తవ్వకం ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. రాష్ట్రం మారింది, ప్రభుత్వాలు మారాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఇంత సుదీర్ఘమైన పనిని ‘ఎవరు చేశారు, ఎవరు చెడగొట్టారు’ అని ఒక్కరి ఖాతాలో వేయబోతే గొడవ తప్ప తీర్పు తేలదు. దీనికి పదవీకాలం చిట్టా రాయాలి. నోటుపుస్తకంలో ఎడమవైపు నాయకుడి పేరు, పదవిలోకి వచ్చిన తేదీ, ఆ రోజుకు తవ్విన కిలోమీటర్లు. కుడివైపు దిగిపోయిన తేదీ, ఆ రోజుకు తవ్వినవి. మధ్యలో తేడా. దాని పక్కన ఒక చిన్న గడి: ఆ కాలంలో ఆయన చేతిలో లేని అడ్డంకి ఏమైనా ఉందా? కోర్టు స్టే, యంత్రం చెడిపోవడం, వరద. ఈ గడి లేకుండా చిట్టా రాస్తే అది తీర్పు కాదు, కక్ష.

పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకూ ఇదే చిట్టా. 35,200 కోట్ల రూపాయలకు పరిపాలనా అనుమతి, కరివెనలో శంకుస్థాపన 2015 జూన్‌లో. నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది 2023 సెప్టెంబరు 16న. ఈ రెండు తేదీలూ రాళ్ల మీదికి ఎక్కేవే. రైతు చిట్టాకు మూడో తేదీ కావాలి: తన పొలం పక్కన పిల్ల కాలువలో నీరు పారిన రోజు. పంపు తిరిగిన రోజును, కాలువ పారిన రోజును ఒకటిగా చెప్పే నాయకుడు ఏ పార్టీవాడైనా ఆ పేరు కింద గీత గీయండి.

ఈ మూడో తేదీ ఎందుకు ముఖ్యమో నల్గొండ వాళ్లకు చెప్పనక్కర లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీకి నిలబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది గెలవడానికి నామినేషన్ వేయలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు దేశానికి వినిపించడానికి వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. అప్పటి వరకు లోక్‌సభ అభ్యర్థి ధరావతు 500 రూపాయలు. ఆ ఏడాదే దాన్ని 10,000కు పెంచారు. ప్రజలు లేవనెత్తిన ప్రశ్నకు ఢిల్లీ నుంచి అందరికన్నా త్వరగా వచ్చిన జవాబు అదీ!

ఆ తర్వాత ట్యాంకులు వచ్చాయి, పైపులు వచ్చాయి, ప్రతిదానికీ ఒక ఫలకం వచ్చింది. పైపును కొలవడం తేలిక, అందుకే ఉపన్యాసాల్లో కిలోమీటర్ల లెక్కలే వినిపిస్తాయి. మీరు నీళ్లను కొలవండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర మీ ఊరి పరీక్షల నివేదికలు ఉంటాయి, అడిగితే ఇవ్వాలి. ప్రయోగశాల దాకా వెళ్లలేని వాళ్లకు ఇంకో దారి ఉంది. ఫ్లోరైడ్ పళ్ల మీద మచ్చలు వేసేది పన్ను లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. కొత్త నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు పదీ పన్నెండేళ్లు నిండాక బడికి వెళ్లి పళ్లు చూడండి. అన్నల పళ్ల మీద ఉన్న గోధుమరంగు చారలు తమ్ముళ్లకు లేకపోతే పథకం పనిచేసింది, చేసిన వాళ్లకు ఆ గొప్ప దక్కాలి. చారలు అలాగే ఉంటే వెంటనే నాయకుడి మీద పడకండి. ఇంట్లో నల్లా నీళ్లు తాగుతున్నారా, ఇంకా బోరు నీళ్లే వాడుతున్నారా అని ఆ తల్లిని అడగండి. ఆమె, “నల్లా మూడు రోజులకు ఒకసారి వస్తుంది, మిగతా రోజులు బోరే గతి” అంటే మీ ప్రశ్న ఇప్పుడు పైపు గురించి కాదు, సరఫరా గురించి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన వాళ్లలో సర్పంచి కూడా ఉంటారు. సర్పంచి దగ్గర ఉంటారు కాబట్టి మొత్తం కోపం అక్కడే కుమ్మరించడం మనకు అలవాటు. ఊళ్లోని ట్యాంకు వాల్వు వరకే అడగండి, పైనుంచి వచ్చే నీటి సంగతి పైవాళ్లను అడగండి.

ఇక అభ్యాసం. మీ మండలంలో మూడు రాళ్లు ఎంచుకోండి: ఒకటి మీరు అభిమానించే నాయకుడి కాలంలోది, ఒకటి మీకు నచ్చని నాయకుడి కాలంలోది, ఒకటి పదేళ్ల కన్నా పాతది. మూడింటికీ ఒకే ప్రశ్నలు, ఒకే చిట్టా. అభిమాన నాయకుడి రాయి దగ్గర ‘చేతిలో లేని అడ్డంకి’ గడి నిండిపోయి, నచ్చని నాయకుడి దగ్గర అది ఖాళీగా ఉంటే రెండింటినీ మళ్లీ రాయండి. దరఖాస్తుకు జవాబు రావడానికి నెల పడుతుంది కాబట్టి అది ముందే పంపండి. ఐదో పాఠంలో శాసనసభ ప్రశ్నోత్తరాల్లోకి వెళతాం. మీ ఎమ్మెల్యే ఈ మూడు పనుల గురించి అక్కడ ఎప్పుడైనా నోరు విప్పారేమో వెతకాలి, అందుకని చిట్టాలో కుడివైపు ఒక గడి ఖాళీగా ఉంచుకోండి.