పెరటి వసారాలో వంట గట్టు

పెరటి వైపు వసారా వేయిస్తుంటే ముందు గాలి చూడండి, వాస్తు తర్వాత. మా తెనాలి వైపు ఎండాకాలంలో పడమటి గాలి మంటను నిలవనివ్వదు. అందుకే పడమర పక్కన నాలుగడుగుల గోడ లేపి, పైన జాలీ పెట్టించాను. పొయ్యి ఎలాగూ ఆగ్నేయానికే వచ్చింది, మా అత్తగారూ సంతోషించారు.

గ్యాస్ గట్టు ఎత్తు 32 అంగుళాలు చాలు. పెద్ద గుండిగ పెట్టే కట్టెల పొయ్యి మాత్రం 20 దాటనివ్వకండి, లేదంటే గరిటె తిప్పడానికి పీట ఎక్కాలి. గట్టు మీదకి కడప బండ వద్దు. అది సున్నపురాయి, చింతపండు పులుసు పడితే మచ్చ పోదు. గ్రానైట్ వేయించండి. కట్టెల పొయ్యి చుట్టూ అయితే గ్రానైటూ వద్దు, మంట వేడికి పగులుతుంది. వేడిని తట్టుకునే ఇటుక, ఫైర్ బ్రిక్, పెట్టించండి.

సిలిండర్‌ని గట్టు కింద గాలాడని అరలో పెట్టొద్దు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. అర తలుపుకి అడుగున కన్నాలుండాలి, కట్టెల పొయ్యి దానికి దూరంగా ఉండాలి.

మేస్త్రీ ఎంత చవకన్నా పొయ్యి పైన ఫైబర్ రేకు వేయనివ్వకండి. నేలకి పదడుగులకి అంగుళంన్నర వాలు, చివర తూము. స్విచ్‌బోర్డు జల్లు కొట్టని లోపలి గోడకే.