డార్క్ ఫాంటసీ నవల రాద్దామనుకుంటున్నారా? మ్యాప్ తర్వాత గీయొచ్చు, ముందు ఇది చూడండి

డార్క్ ఫాంటసీ, అంటే చీకటి కమ్మిన మాయాలోకపు కథ, అనగానే మనలో చాలామంది ముందు మ్యాప్ గీస్తాం, ఏడు రాజ్యాలు, మూడు కొండలు, ఒక నల్ల కోట. నేనూ అదే చేశా, రెండు నెలలు మ్యాప్‌కే పోయాయి, హీరో మాత్రం నాలుగు చాప్టర్లు "నా వల్ల కాదు" అంటూనే ఉన్నాడు, చదివిన ఫ్రెండ్ "నా వల్ల కూడా కావట్లేదురా" అని ఫోన్ పెట్టేశాడు. కాబట్టి ముందు రెండే రెండు విషయాలు తేల్చుకోండి. మీ హీరోకి తన మీద పడ్డ పని ఎందుకు ఇష్టం లేదు, చెడు వాడిలోకి ఏ సందులోంచి దూరుతుంది.

ఇష్టం లేకపోవడం అంటే భయపడటం అనుకోకండి. విరాటపర్వంలో ఉత్తర కుమారుడు కౌరవసేనని చూసి రథం దిగి పరిగెడతాడు, బృహన్నల వెంటపడి పట్టుకొస్తాడు, చదివితే నవ్వొస్తుంది. అదే కురుక్షేత్రంలో అర్జునుడు గాండీవం కింద పెట్టేస్తే నవ్వురాదు, ఎందుకంటే అవతల ఉన్నది తాత, గురువు. మీవాడికీ అలాంటి కారణం కావాలి, ఒప్పుకుంటే ఏం పోతుందో వాడికి ముందే తెలియాలి.

నేనిప్పుడు రాస్తున్న దాంట్లో హీరో ఒక నీరటి, అదే చెరువు తూము తీసి ఎవరి పొలానికి ఎంత నీళ్ళో పంచేవాడు. కాకతీయుల కాలం, 13వ శతాబ్దం, పాఖాల లాంటి ఓ పెద్ద చెరువు. కత్తి పట్టడం రాదు, అక్కర్లేదు కూడా. ఊళ్ళో అందరూ వాడి లెక్కని నమ్ముతారు, ఆ నమ్మకమే వాడి ఆస్తి, పోతే అదే పోవాలి.

ఇక చెడు సంగతి. దీనికి నాకు తెలిసి అరణ్యపర్వంలో నలుడి కథని మించింది లేదు. దమయంతి నలుణ్ణి వరించిందని కలిపురుషుడికి కోపం, కానీ నలుడిలో తప్పు దొరకదు, కాచుకుని కూర్చుంటాడు, 12వ ఏట ఒకరోజు నలుడు మూత్రానికి వెళ్ళొచ్చి కాళ్ళు కడుక్కోకుండా సంధ్యకి కూర్చుంటాడు, అంతే, దూరేస్తాడు. ఆ తర్వాత జూదం, రాజ్యం పోవడం, అడవిలో నిద్రపోతున్న భార్య చీర సగం చింపుకుని వెళ్ళిపోవడం. ఎంత చిన్న సందు, ఎంత పెద్ద నాశనం చూడండి. కొమ్ములు, ఎర్ర కళ్ళు ఏవీ లేవు, ఓపిక ఉంది.

నా కథలో సందు జాలి. చెరువు అడుగున ఒక చెడు శక్తి ఉంది, అది వాణ్ణి మొదటిసారి అడిగేది "ఆ ముసలమ్మ మడి ఎండిపోతోంది బిడ్డా, ఇంకో గడియ తూము తెరిచి ఉంచు" అని. వాడు ఉంచుతాడు, ముసలమ్మ దండం పెడుతుంది, మీరూ నేనూ అయినా ఉంచేవాళ్ళమే. కానీ ఆ గడియ నీళ్ళు కాలువ చివరి రైతువి. ఇక్కడ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ప్రతి చాప్టర్‌కి వాడికి ఏం వచ్చింది, దాని ధర ఎవరు కట్టారు, వాడు తనకి తాను ఏం సర్దిచెప్పుకున్నాడు అని రాసుకుంటూ పోండి. మొదట్లో ధర కట్టేది ముక్కూ మొహం తెలియనివాడు, తర్వాత పక్కింటివాడు, చివర్లో సొంత అక్క. ఈ వరస తప్పితే, అంటే మూడో చాప్టర్‌లోనే మనిషిని చంపించేస్తే, పాఠకుడు వాడితో పాటు జారడు, గట్టు మీద నిలబడి చూస్తాడు.

భాషలో ఒక కిటుకు చెప్తా, ఇది తెలుగులో రాసేవాళ్ళకి ఫ్రీగా దొరికిన వరం. మొదట ఆ చెరువులోదాన్ని హీరో "అది" అంటాడు, కొన్నాళ్ళకి "అతను", తర్వాత ఎప్పుడో "ఆయన". ఎక్కడ మారిందో నేరేషన్‌లో చెప్పకండి. ఆ చెరువులోది మాత్రం మొదట్నుంచీ "మనం" అంటూనే ఉంటుంది, వాడు "నేను" అనే జవాబిస్తుంటాడు. ఒకరోజు అక్క "ఒక్కడివే కట్ట మీద ఏం చేస్తున్నావురా" అంటే "మేము మాట్లాడుకుంటున్నాం అక్కా" అంటాడు. ఆ "మేము"లో అక్క లేదు. ఆ సీన్ రాసిన రోజు నాకే ఒళ్ళు జలదరించింది, దానికి ముందు రక్తం గిక్తం పెట్టి మూడు వెర్షన్లు రాసి ఉన్నా, అన్నీ తీసేశా.

ఒక్క విషయంలో జాగ్రత్త. చెడు అనగానే ఊరి చివర ఒంటరి ముసలామెకి అంటగట్టకండి. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మన ఊళ్ళల్లో నిజంగానే మనుషుల్ని కొట్టి చంపారు. కట్టమైసమ్మనీ విలన్ చెయ్యకండి, ఆమె కట్టని కాచే తల్లి.

ముగింపు కూడా నలుడి దగ్గరే నేర్చుకోవచ్చు. కర్కోటకుడనే నాగుడు కాటేసిన విషం నలుణ్ణి కాదు, లోపలున్న కలిని కాలుస్తుంది, చివరికి కలి బయటపడి శపించొద్దని నలుణ్ణి బతిమాలుకుని తానిచెట్టులో దూరతాడు, అదే త్రిఫల చూర్ణంలో వేసే తానికాయల చెట్టు. చావడు! కాబట్టి మీ చెడుని కూడా కత్తితో పొడిపించెయ్యకుండా ఎక్కడికో ఒకచోటికి పంపండి. హీరోకి పోయినవన్నీ తిరిగి ఇచ్చెయ్యకండి. నా నీరటి తిరిగొస్తాడు, తూము తాళం మాత్రం ఊరోళ్ళు వాడికివ్వరు.

డ్రాఫ్ట్ అయ్యాక ప్రింట్ తీసి "అది", "ఆయన", "మనం", "మేము" ఉన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత గీయండి, ఎక్కడ తొందరపడి జారిపోయాడో అక్కడే తెలిసిపోతుంది. నావాడు ఆరో చాప్టర్‌లోనే "ఆయన" అనేశాడు, పదకొండుకి జరపాల్సొచ్చింది.