ఇంటిల్లిపాదికీ మొదటి క్యారవాన్ ఎలా ఎంచుకోవాలి?

క్యారవాన్ అనగానే షూటింగుల దగ్గర నిలబడే పెద్ద బస్సు గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. కారు వెనక హుక్కుకు తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల గది గురించి. లోపల పడకలు, పొయ్యి, చిన్న బాత్రూం ఉంటాయి. నాగార్జున సాగర్‌లోనో సోమశిలలోనో దాన్ని కారు నుంచి విప్పి నిలబెట్టి, కారు ఒక్కటే వేసుకుని చుట్టుపక్కలంతా తిరిగి రావొచ్చు. ఇంజన్ ఉన్న వ్యాన్ అయితే పాల ప్యాకెట్ కోసం వెళ్లాలన్నా పక్కలు ఎత్తి, గిన్నెలు సర్ది బయల్దేరాలి. పిల్లలున్న ఇంటికి లాగే బండే నయమని నా అభిప్రాయం.

కొనడానికి వెళ్లినవాళ్లు చాలామంది నేరుగా లోపలికెక్కి సోఫా, లైట్లు, ఫ్రిజ్ చూసి అక్కడే మనసు పారేసుకుంటారు. మీరు మాత్రం లోపలికి ఆఖరున ఎక్కండి. అంతకుముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట కారు ఆర్సీ తీయండి

ఆర్సీ మీద కారు ఖాళీ బరువు ఉంటుంది. ఆ అంకె రాసుకుని, మీ మోడల్ ఎంత బరువు లాగొచ్చో కంపెనీ వాళ్లనే అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. లాగకూడదంటే ఆ కారుతో ఈ ఆలోచన అక్కడితో ఆపేయాలి. బయట వెల్డింగ్ చేయించి హుక్కు పెట్టించుకునే పని అసలే వద్దు.

లాగొచ్చు అన్నారనుకోండి. బ్రిటన్‌లో కొత్తవాళ్లకు ఒక లెక్క చెబుతారు: సామాన్లన్నీ నింపాక క్యారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదు. కారు 1,800 కిలోలైతే 1,530 కిలోలు వస్తుంది. కంపెనీ చెప్పిన పరిమితి అంతకంటే తక్కువైతే ఆ తక్కువదే లెక్క. మన దగ్గర ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు, ఎదురుగా వచ్చే లారీలు, ఎండాకాలంలో మరిగే ఇంజన్లు. అందుకే 85 శాతం ఉంది కదా అని అంతా వాడుకోవద్దు. అదే కారుకు నేనైతే 1,200 కిలోల దగ్గర ఆగిపోతాను.

ఇప్పుడు అమ్మేవాళ్లను రెండు బరువులు అడగాలి: ఖాళీగా ఎంత, నిండుగా గరిష్ఠంగా ఎంత. ఖాళీ బరువు 950, గరిష్ఠం 1,200 అయితే మీ సామాన్లకు మిగిలేది 250 కిలోలే. అందులో 100 లీటర్ల నీళ్లు అంటే 100 కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ లాంటి పెద్దది పెడితే 50 కిలోలు పైనే. ఇళ్లలో వాడే గ్యాస్ సిలిండర్ నిండుగా 30 కిలోల దాకా తూగుతుంది. ఇక 70 మిగిలాయి. బట్టలు, బియ్యం, గిన్నెలు, కుర్చీలు, పిల్లల సైకిలు ఆ డెబ్బైలోనే ఇమడాలి. 150 కిలోలే మిగిలే బండి ఎంత చవగ్గా వచ్చినా నలుగురున్న ఇంటికి పనికిరాదు.

అమ్మేవాళ్లు చెప్పిన అంకెను నమ్మి ఊరుకోవద్దు. మిర్యాలగూడ వైపు రైసు మిల్లులున్న చోటల్లా బండ్లు తూచే ధర్మకాంటా ఉంటుంది. కారు నుంచి విప్పి బండిని ఒక్కదాన్నే తూకం వేయించండి. ఆ చీటీ ఇవ్వడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

హుక్కు మీద పడే బరువు

ట్రాక్టర్ నడిపిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రెండు చక్రాల ట్రాలీలో వడ్ల బస్తాలన్నీ వెనక వేస్తే ముందు భాగం పైకి లేస్తుంది. క్యారవాన్‌కూ అదే సూత్రం. వెనక బరువెక్కువైతే వేగంలో బండి పాములా ఊగడం మొదలుపెట్టి కారునూ ఊపేస్తుంది. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం హుక్కు మీద పడాలి. 1,200 కిలోల బండికి 60 నుంచి 84 కిలోలు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద కర్ర ముక్క నిలబెట్టి, దాని మీద బండి ముందు భాగాన్ని ఆనిస్తే అంకె తెలిసిపోతుంది. బండి మట్టంగా ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. బరువైన సామాను ఇరుసు మీదే, కింద అరల్లో పెట్టండి. పై అరల్లో దుప్పట్లు, బట్టలు చాలు.

యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు, అంటే వెనక లాగే బండికి, సొంత బ్రేకులు తప్పనిసరి. మీరూ అదే పట్టుబట్టండి. కారు బ్రేకు వేసినప్పుడు వెనక బండి ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుతోనే దాని బ్రేకు పడే ఏర్పాటు ఉంటుంది. హుక్కు ఊడితే తనంతట తానే బ్రేకు పట్టేసే తీగ కూడా ఉందో లేదో చూడండి.

మన ఎండకు తట్టుకుంటుందా?

నల్లగొండ ఎండ సంగతి తెలిసిందే. మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. బడి సెలవులేమో ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా, సరిగ్గా ఆ మంటలోనే. కొనకముందు మేం ఒక బండి అద్దెకు తెచ్చి మే నెలలో సాగర్ దగ్గర పడుకున్నాం. అర్ధరాత్రి దాటినా రేకు చల్లారలేదు. పిల్లలను తీసుకుని బయట చాప పరుచుకున్నాం. ఆ ఒక్క రాత్రి నేర్పింది ఏ షోరూంలోనూ తెలిసేది కాదు. కొనేముందు రెండు రాత్రులు ఎక్కడైనా అద్దెకు తీసుకుని పడుకోమని చెప్పేది అందుకే.

ఏసీ ఉందిగా అంటారు. లెక్క చూడండి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, అంటే 600. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, అరగంట దాటేసరికి చేతులెత్తేస్తుంది. అదే 30 వాట్ల ఫ్యాను 20 గంటలు తిరుగుతుంది. కాబట్టి బయట కరెంటు ప్లగ్గు దొరికే చోటే ఏసీ. దొరకని చోట కాపాడేవి వేరే: తెల్ల రంగు పైకప్పు, గోడల్లో మందంగా వేడిని ఆపే పొర, ఎదురెదురు కిటికీలు, వాటికి దోమల జాలీ, కప్పులో వేడిని బయటికి తోసే ఫ్యాను, పక్కన పందిరిలా లాగే గుడ్డ. ఈ ఆరింట్లో కప్పు ఫ్యాను లేకపోతే బేరం ఆడొద్దు, వెనక్కి వచ్చేయండి. మా ఇంట్లో దసరాకు, సంక్రాంతికి, కార్తీకంలో మాత్రమే క్యారవాన్ బయటికి తీయాలని అనుకున్నాం.

నీళ్లు, పొయ్యి, బాత్రూం

మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఏం చేసిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దారిలో ఏ బోరు కనిపిస్తే ఆ బోరు దగ్గర ట్యాంకు నింపి ఆ నీళ్లు తాగించొద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ట్యాంకు నీళ్లు కడుక్కోవడానికే ఉంచి, తాగడానికి విడిగా 20 లీటర్ల క్యాన్లు పెట్టుకోండి. ఆ క్యాన్లు కదలకుండా కట్టే చోటు లోపల ఉందా అని చూడండి.

వంటకు బయటికి లాగే పొయ్యి ఉన్న బండి దొరికితే అదే తీసుకోండి. ఎండుమిర్చి తాలింపు ఆ చిన్న గదిలో పెడితే అందరూ దగ్గుతూ బయటికి రావాలి. లోపలే పొయ్యి ఉంటే నేలకు ఆనుకుని గాలి రంధ్రాలు ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. పైన కిటికీ తెరిస్తే చాలదు. బండి కదులుతున్నప్పుడు రెగ్యులేటర్ ఆపి ఉంచాలి.

బాత్రూం లేని బండి చవక. కానీ పెద్దవాళ్లు వెంట వస్తే రాత్రి చీకట్లో వాళ్లను ఎక్కడికి పంపుతాం? మా నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెను ఎక్కించి, పడక మీద కూర్చోబెట్టి, బాత్రూం దాకా నడిపించి చూశాకే నేను మెట్టు ఎత్తు గురించి ఆలోచించాను. డబ్బా టాయిలెట్‌లో (మలమూత్రాలు కింది డబ్బాలో పడేది) 20 లీటర్ల వరకు పడుతుంది, నలుగురికి రెండు రోజులు. దాన్ని సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్లోనే పారబోయాలి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు కింద ఊళ్లవాళ్లు వాడుకుంటారు, అందులో పోసే ఆలోచన కూడా రాకూడదు.

పడకలు రోజూ బల్ల విప్పి వేసుకునేవైతే మూడో రాత్రికే విసుగొస్తుంది. కనీసం పెద్దవాళ్లకు ఒక స్థిరమైన పడక ఉండాలి.

పాత బండైతే

లోపలి గోడ మూలలను బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే చెమ్మ పట్టి చెక్క కుళ్లినట్టే. ముక్కిన వాసన వచ్చినా అంతే, అగరొత్తులు వెలిగించి ఉంటే మరింత అనుమానించండి. టైరు మీద నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. టైరు గాడులు బాగున్నా ఆరేడేళ్లు దాటితే మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. ట్రైలర్‌కు దాని సొంత రిజిస్ట్రేషన్, నంబరు, ఇన్సూరెన్సు ఉండాలి. చాసిస్ నంబరు కాగితాలతో సరిపోల్చండి. పాత వ్యాన్‌ను క్యారవాన్‌గా మార్పించి ఇస్తామని ఎవరైనా అంటే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గుర్తుంచుకోండి. కంపెనీ నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఆ చట్టం ఒప్పుకోదు.

అడ్వాన్సు ఇచ్చేముందు మీ ఇంటి గేటు కొలవండి. కరెంటు తీగలు ఎంత కిందికున్నాయో చూడండి. ఇంటి దగ్గర చోటు లేకపోతే పొలం కాడ షెడ్డు చాలు, కానీ ఎలుకలు వైర్లు కొరకకుండా చూసుకోవాలి.

మొదటి ప్రయాణం

శ్రీశైలానికి తర్వాతెప్పుడైనా వెళ్లొచ్చు. దోమలపెంట దాటాక ఘాట్ మలుపులు కొత్త చేతికి కష్టం. పైగా ఆ దారిలోని అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు, మెల్లగా వెళ్లే మీరు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే చిక్కుకుపోవచ్చు. ముందు ఖాళీ మైదానంలో రివర్స్ నేర్చుకోండి. స్టీరింగ్ కుడికి తిప్పితే వెనక బండి ఎడమకు పోతుంది, ట్రాలీ తోలినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక పూటలో వస్తుంది. తర్వాత నల్లగొండ నుంచి సాగర్ వెళ్లి రండి. కదులుతున్న క్యారవాన్‌లో మనుషులెవరూ కూర్చోకూడదు, నిద్రపోతున్న పిల్లలైనా సరే. రాత్రి ఎక్కడ నిలుపుతారో ముందే ఫోన్ చేసి మాట తీసుకోండి. పొద్దున్నే బయల్దేరి హాలియాలో టీకి ఆగినప్పుడు చక్రాల నట్లు పాన పెట్టి మళ్లీ బిగించి, ఇరుసు దగ్గర చేయి పెట్టి చూడండి. ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా తగిలితే బేరింగో బ్రేకో పట్టేస్తున్నట్టు. అది చూపించాకే ముందుకు కదలండి.