ఎ-ఫ్రేమ్ మీద కుక్క జారుతోందా? ఇసుక ఎక్కడిదో చూడండి

ఎ-ఫ్రేమ్ అంటే కుక్కల అజిలిటీ (అడ్డంకులు దాటే ఆట)లో రెండు పలకల్ని పైన కలిపి ఏటవాలుగా నిలబెట్టిన అడ్డంకి. ఎక్కేటప్పుడు కుక్క వెనక కాళ్లు జారుతున్నాయి, లేదా దిగేటప్పుడు పలక అడుగున పసుపు రంగేసిన, కుక్క కాలు పెట్టి తీరాల్సిన భాగం మీద బ్రేకు పడక ముందుకి దూసుకొస్తోంది. చాలామంది వెంటనే "ట్రైనింగ్ చాలలేదు" అని ఇంకో పదిసార్లు ఎక్కిస్తారు. ఆపండి. ముందు కుక్క గోళ్లు, అరికాలి మెత్తల మధ్య పెరిగిన బొచ్చు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడరు. లాబ్రడార్ల సగం కేసులు నా దగ్గర కత్తెరతోనే తీరిపోయాయి.

అది బాగానే ఉంటే, మీరు ప్రాక్టీస్ చేసే వేళకే వెళ్లి పలకను పైనుంచి కిందకి అరచేత్తో నిమరండి. మధ్యాహ్నం ఎండలో నిమిరి "గరుగ్గానే ఉంది కదండీ" అంటే లాభం లేదు. పొద్దున్న ఆరింటికి చెయ్యి తడిగా, జిగటగా తగిలిందా? అయితే ఈ ప్లైవుడ్ మీద రంగుతో పాటు చల్లిన ఇసుక ఎక్కడిదని అడగండి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. రుషికొండ దగ్గర ఉచితంగా దొరికింది కదా అని ఓ సంచి తెచ్చి పచ్చి రంగు మీద చల్లాను. మొదటి వారం అద్భుతం. తర్వాత పొద్దున్నపూట కుక్క జారేది, పదింటికి మామూలే. పట్టు కోసం రోజూ చీపురుతో ఊడ్చాను, రంగు మార్చాను, కుక్కను కూడా తిట్టాను పాపం. కారణం ఉప్పు. సముద్రపు ఇసుకలోని ఉప్పు మన విశాఖ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, రంగు కింద తడి చేరి పొరలుగా లేస్తుంది. పైకి గరుగ్గా కనిపించే ఆ పొర, కుక్క బరువు పడగానే కాలి కింద కదులుతుంది. ఇల్లు కట్టే ఏ మేస్త్రీని అడిగినా బీచ్ ఇసుక వద్దనే అంటాడు. నేను అడగలేదు.

దీని మీద ఇంకో కోటు వేస్తే లాభం లేదు. రంగంతా చెక్క కనిపించేదాకా గీకండి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి, నీడలో బాగా ఆరనివ్వండి. అంచులకు కూడా ప్రైమర్ పట్టించండి, నీళ్లు దూరేది అక్కడే. తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ఏటి ఇసుకను కడిగి, ఆరబెట్టి, సన్నగా జల్లించి, పచ్చి రంగు మీద చల్లండి. ఆరాక అంటుకోని ఇసుకంతా దులిపి పైన పల్చటి కోటు వేయండి. మరీ ముతక ఇసుకైతే అరికాళ్లు గీరుకుపోతాయి. డబ్బుంటే రబ్బరు గుళికల పూత మేలు, కాళ్లకి మెత్తన. కానీ నల్లటిదైతే మే నెలలో మధ్యాహ్నం దాని మీద కుక్కను ఎక్కించకండి.

పసుపు భాగాన్ని మాత్రమే మళ్లీ రంగేసి ఇసుక మర్చిపోయినవాళ్లూ ఉన్నారు. ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కుక్కల సమాఖ్య) కొలతల్లో ఆ భాగం 106 సెంటీమీటర్లు, దిగేటప్పుడు పట్టు కావాల్సింది అక్కడే. జారడానికి పలక మీది అడ్డపట్టీలు వదులవడం, పైన పలకల్ని కలిపే కీలు ఊగడం కారణం కావడం అరుదు, స్క్రూ బిగిస్తే సరి.

పూత ఆరిపోయాక బకెట్ నీళ్లు పోసి మళ్లీ నిమరండి. తర్వాత ఎత్తు బాగా తగ్గించి నడిపించండి. ఒకసారి జారిన కుక్క కొన్నాళ్లు అనుమానంగానే ఎక్కుతుంది.