హైదరాబాద్ నుంచి మంచు కొండల్లోకి బైక్ మీద: ఎలా సిద్ధం కావాలి?

జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితికో లాహౌల్‌కో బైక్ మీద వెళ్లాలన్న కోరిక మన ఊళ్లో చాలామందికి ఉంది. మంచులో నడిపిన అలవాటు లేదు కాబట్టి అన్నీ అక్కడికి వెళ్లాక నేర్చుకుందాంలే అనుకుంటారు. దయచేసి అలా వెళ్లకండి. ఈ ప్రయాణానికి కావలసిన పనిలో సగం హైదరాబాద్‌లోనే పూర్తి చేసుకోవచ్చు. మంచు మీద టైరు జారకముందే వచ్చే ప్రమాదం ఇంకొకటుంది: వేళ్లు మొద్దుబారడం. వేళ్లు పనిచేయకపోతే క్లచ్ ఉన్నా బ్రేక్ ఉన్నా లేనట్టే.

ముందు దారి తేల్చుకోండి

మనాలీ–లేహ్ రోడ్డును చలికాలంలో మూసేస్తారు. 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్‌తాంగ్ కనుమ కూడా అంతే. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వల్ల మనాలీ నుంచి లాహౌల్‌కు చలికాలంలోనూ దారి ఉంది. కానీ మంచు ఎక్కువగా పడిన రోజు టూ వీలర్లను వదలరు. మొదటిసారి వెళ్లేవారికి సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితిలోని కాజా ఊరికి వెళ్లే దారే మంచిదని నా అభిప్రాయం. మామూలుగా దాన్ని చలికాలంలోనూ తెరిచే ఉంచుతారు. ఎత్తు కూడా మెల్లమెల్లగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి అలవాటు పడే సమయం దొరుకుతుంది. కాజా 3,600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మధ్యలో రెండు మూడు చోట్ల రాత్రి ఆగండి, ఒక్క బిగిన వెళ్లకండి. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవారు బయలుదేరే ముందే డాక్టర్‌ను కలవాలి.

బండిని ఢిల్లీ దాకా రైల్లో పార్సిల్ వేయడం మేలు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ కాపీ దగ్గరుంచుకోవాలి.

చలిని ఇక్కడే రుచి చూడండి

డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఐదింటికి మేడ్చల్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి దాకా వెళ్లండి. గాలిలో 12 డిగ్రీలు ఉంటే, 60 కిలోమీటర్ల వేగంలో ఒంటికి తగిలేది 8 డిగ్రీల చలి. అదే లెక్కన సున్నా డిగ్రీల్లో 50 వేగంతో వెళ్తే మైనస్ 8 అన్నట్టు ఉంటుంది. ఇంకా గట్టిగా పరీక్షించుకోవాలంటే అదే రోడ్డు మీద ఆదిలాబాద్ దాకా పోవచ్చు. చలి ఎక్కడి నుంచి దూరుతోందో గమనించండి. మెడ దగ్గరా, మణికట్టు దగ్గరా, మోకాళ్ల మీదా? ఇంటికొచ్చాక ఆ సందులు మూయండి.

బట్టలు పొరలు పొరలుగా వేసుకోవాలి: ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్, అన్నిటికన్నా పైన గాలి దూరని జాకెట్. లోపల కాటన్ బనియన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆ తడే చలి పుట్టిస్తుంది. బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడదు. ఒక్క మందపాటి ఉన్ని జత చాలు.

గ్లవ్స్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. కొనేముందు వాటిని వేసుకునే తాళం తిప్పి చూడండి. ఇండికేటర్ నొక్కండి, పెట్రోల్ ట్యాంక్ మూత తీయండి, జాకెట్ జిప్పు లాగండి. వీటిలో ఏ ఒక్కదానికైనా గ్లవ్ తీయాల్సి వస్తే అక్కడ మైనస్ పదిలోనూ తీయాల్సి వస్తుంది. హ్యాండిల్‌కు తొడిగే మఫ్‌లు చవక, పైగా వాటంత బాగా గాలిని ఆపేది ఇంకోటి నేను చూడలేదు.

బండి

మీది లిక్విడ్ కూల్డ్ బండి (ఇంజిన్‌ను కూలెంట్ అనే ద్రవంతో చల్లబరిచేది) అయితే మొదట రేడియేటర్ చూడండి. ఎండాకాలంలో కూలెంట్ తగ్గితే మామూలు నీళ్లు పోసేయడం మన దగ్గర అలవాటు. ఇక్కడ అది నడిచిపోతుంది. అక్కడ రాత్రికి ఆ నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే పగలగొట్టగలదు. పాతదంతా వంచేసి, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. ఆ మిశ్రమం మైనస్ 35 దాకా గడ్డకట్టదు.

బ్యాటరీ పాతదైతే మార్చేయండి. చలికి దాని శక్తి తగ్గుతుంది, చార్జింగ్ దిగిపోయిన బ్యాటరీ ఏకంగా గడ్డకట్టవచ్చు. ఇంజిన్ ఆయిల్‌కు మాన్యువల్లో ఒప్పుకున్న గ్రేడుల్లో డబ్ల్యూ (చలికాలాన్ని సూచించే అక్షరం) ముందు చిన్న అంకె ఉన్నది ఎంచుకోండి.

టైరు గాలి లెక్క కాస్త తికమకగా ఉంటుంది. చలికి ప్రెషర్ పడిపోతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి పలచబడి గేజ్‌లో అంకె పెరుగుతుంది. అందుకే ఇక్కడి కొలత నమ్ముకోకుండా చిన్న గేజ్ వెంట తీసుకెళ్లి, రోజూ పొద్దున బండి కదలకముందే చూసుకోండి. మంచు గొలుసులు తీసుకెళ్తుంటే మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే వెనక టైరుకు కట్టి, చేత్తో చక్రం తిప్పి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కు తగలడం లేదని నిర్ధారించుకోండి. మంచు దాటి తారు రోడ్డు రాగానే విప్పేయాలి.

మంచు మీద నడపడం

ఉదయం పది తర్వాత బయలుదేరి సాయంత్రం నాలుగులోపు ఆగిపోండి. కొండవాగు నీళ్లు రోడ్డు మీదుగా పారేచోట రాత్రి గడ్డకట్టిన పొర ఎండ తగిలేదాకా కరగదు. ఎండే తగలని మలుపుల్లో రోజంతా అలాగే ఉంటుంది. తడి రోడ్డులాగే కనిపించే ఆ పొరే అన్నిటికన్నా ప్రమాదం. దాని మీదికి వచ్చేశాక బ్రేక్ వేయకండి, హ్యాండిల్ తిప్పకండి, యాక్సిలరేటర్ కదపకుండా తిన్నగా దాటేయండి.

మంచులో రెండో గేరులో క్లచ్ మెల్లగా వదులుతూ కదలండి. ముందు బ్రేక్ మీద నుంచి వేళ్లు తీసేయండి. వేగం తగ్గడానికి ఇంజిన్‌నే వాడుకోండి, అవసరమైతే వెనక బ్రేక్ తాకీ తాకనట్టు. నడక వేగంలో రెండు కాళ్లూ కిందికి దించి పాక్కుంటూ పోవడంలో తప్పేమీ లేదు. లారీ చక్రాలు నలిపి నున్నగా మెరిసే గాడి కన్నా పక్కనున్న కరకరలాడే మంచులో పట్టు ఎక్కువ. అయితే రోడ్డు అంచు ఎక్కడుందో తెలియకపోతే అటు దిగొద్దు. జారే బండిని కంగారు పడకుండా పట్టుకోవడం చేతికి రావాలంటే, వానాకాలంలో వికారాబాద్ మట్టిబాటల్లో నెమ్మదిగా తిరిగి రండి.

వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే ఆగి చంకల్లో పెట్టుకోండి. సైలెన్సర్ మీద కాచుకోవద్దు, స్పర్శ లేని వేలికి కాలినా తెలియదు. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా ఆ రోజుకు ప్రయాణం అంతే. తడి బట్టలు మార్చి, వెచ్చటి గదిలో వేడి చాయ్ తాగండి. మద్యం మాత్రం ముట్టొద్దు, వేడి పుట్టినట్టు అనిపించినా ఒంట్లో వేడిని బయటికి తోసేస్తుంది.

రాత్రి బండిని గోడ చాటున, సైడ్ స్టాండ్ కింద చెక్కముక్క పెట్టి నిలపండి. సీటు మీద టార్పాలిన్ కప్పి, వీలైతే బ్యాటరీ విప్పి గదిలోకి తెచ్చుకోండి. పొద్దున స్టార్ట్ అయ్యాక ఐదు నిమిషాలు నింపాదిగా తిరగనిచ్చి, బ్రేక్ లివర్లు, కేబుళ్లు బిగుసుకుపోలేదని నొక్కి చూశాకే గేరు వేయండి.